గ్రీన్ మ్యాట్ ముందు వెలిగే ఖడ్గం: చిత్రీకరణ నుంచి చివరి ఫ్రేము వరకు

వెలిగే ఖడ్గాన్ని గీయడం ఒక పూటలో అయిపోయే పని. దాని వెలుగు పట్టుకున్నవాడి చెంప మీద, వేళ్ల సందుల్లో, వెనకున్న రాతి స్తంభం మీద పడిందని నమ్మించడానికే మిగిలిన వారమంతా పడుతుంది. కొత్తగా ఈ పని నేర్చుకునేవాళ్లు గ్లో ఎంత పెంచాలి, ఏ ప్లగిన్ వాడాలి అని అడుగుతుంటారు. అంతకన్నా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ చోట నిజంగానే ఒక వెలిగే కర్ర ఉంటే, ఆ వెలుగు వేటి మీద పడేది?

1977లో వచ్చిన తొలి స్టార్ వార్స్ చిత్రంలో నటులు పట్టుకున్నవి వెలుగును తిప్పికొట్టే పదార్థం చుట్టిన కడ్డీలు. తెర మీద కనిపించే కాంతిని ఆ తర్వాత యానిమేటర్లు ఫ్రేము ఫ్రేముకూ గీశారు. 2015లో అదే వరుసలో వచ్చిన చిత్రానికి నటుల చేతికి నిజంగా వెలిగే కత్తులే ఇచ్చారు. కంప్యూటర్‌తో ఏదైనా గీయగలిగిన కాలంలో కూడా వాళ్లు ముఖాల మీద కదిలే అసలు వెలుగునే కోరుకున్నారు. ఈ వ్యాసమంతా ఆ దారిలోనే నడుస్తుంది.

మనం చేయబోయే షాట్ ఇది. రాత్రి వేళ, పాడుబడిన రాతి మండపం. ఒక యోధుడు నిప్పుకణిక రంగులో వెలిగే ఖడ్గాన్ని మూడుసార్లు తిప్పి కెమెరా వైపు నడుస్తాడు. 8 సెకన్లు, సెకనుకు 24 ఫ్రేములు, మొత్తం 192 ఫ్రేములు. సాఫ్ట్‌వేర్ డావిన్సీ రిజాల్వ్. దాని ఉచిత వెర్షన్‌లోనే షాట్‌లోని భాగాలను కలిపే ఫ్యూజన్ పేజీ, తెర రంగును గుర్తించి తీసేసే డెల్టా కీయర్ ఉన్నాయి, మన పనికి అవి చాలు. న్యూక్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్, బ్లెండర్ వాడేవాళ్లకు నోడ్ల (ఒక్కో పని చేసే గడుల) పేర్లు, మెనూలు మారతాయి కానీ పద్ధతి మారదు.

మాటల గురించి ఒక మాట. మన సినిమా వాళ్లు తెరనే గ్రీన్ మ్యాట్ అంటారు. సాఫ్ట్‌వేర్‌లో మ్యాట్ అంటే ఏది కనిపించాలో ఏది కనిపించకూడదో చెప్పే నలుపు తెలుపు ముసుగు. గందరగోళం లేకుండా ఇక్కడ తెరను గ్రీన్ మ్యాట్ అని, కీయర్ తయారుచేసే ముసుగును ఆల్ఫా అని, చేత్తో గీసేదాన్ని ముసుగు అని అంటాను.

రంగు ముందే తేల్చుకోండి

కీయర్ చేసే లెక్క ఊహించినంత క్లిష్టమైనదేమీ కాదు. ప్రతి పిక్సెల్‌లో పచ్చ విలువలోంచి, ఎరుపు నీలాల్లో ఏది పెద్దదో దాన్ని తీసేస్తుంది. మిగిలింది ఎక్కువైతే అది తెర, ఏమీ మిగలకపోతే అది మనిషి. ఫిల్ము కాలంలో పెట్రో వ్లాహోస్ నీలి తెర కోసం రూపొందించిన రంగుల భేద పద్ధతికి ఇది వారసత్వం. డిజిటల్ కెమెరాలు వచ్చాక పచ్చ ముందుకు రావడానికి కారణం సెన్సార్. చాలా కెమెరాల్లో ఎరుపు గడి ఒకటి, నీలం గడి ఒకటి ఉన్నచోట పచ్చ గడులు రెండు ఉంటాయి. అందుకే పచ్చ చానల్, అంటే చిత్రంలోని పచ్చ విలువల పొర, శుభ్రంగా, తక్కువ మచ్చలతో (నాయిస్) వస్తుంది.

ఈ లెక్క తెలిస్తే ఖడ్గం రంగు ఎంచుకోవడం తేలిక. పచ్చ ఖడ్గం కావాలంటే నీలి తెర వేసుకోండి, మరో దారి వెతకవద్దు. నీలి ఖడ్గం గ్రీన్ మ్యాట్ ముందు పనిచేస్తుంది కానీ, దాని వెలుగూ తెర నుంచి వచ్చే పచ్చా చర్మం మీద కలిసిపోయి విడదీయడం కష్టమవుతుంది. ఎరుపు, నారింజ రంగులు చర్మం మీద సహజంగా కనిపిస్తాయి, పచ్చదనం తీసేసినప్పుడు తక్కువగా దెబ్బతింటాయి. మొదటి షాట్‌కు నారింజనే సిఫారసు చేస్తాను.

దుస్తుల్లో పచ్చ ఉండకూడదని అందరికీ తెలుసు. మెరిసేవాటి సంగతి మాత్రం తరచూ మరిచిపోతారు. రాజుల కాలపు వేషమంటే జరీ అంచు, పట్టు పంచె, ఇత్తడి కంకణాలు, లోహపు కవచం. ఇవన్నీ అద్దంలా తెరను చూపిస్తాయి. కంకణం లోపలి వంపు పచ్చగా మెరిస్తే కీయర్ అక్కడ రంధ్రం చేస్తుంది. కవచం మీద లేత పొడి అద్దండి, జరీ అంచు తెర వైపు కాకుండా కెమెరా వైపు తిరిగేలా కట్టించండి.

నటుడి చేతికి ఏమివ్వాలి

మంచి మార్గం, లోపల ఎల్‌ఈడీ స్ట్రిప్ ఉన్న పాలమీగడ రంగు పాలీకార్బనేట్ గొట్టం. 12 వోల్టుల స్ట్రిప్, పిడిలో బ్యాటరీ. గాజు ట్యూబ్‌లైటును ఏ పరిస్థితిలోనూ ఇవ్వవద్దు, పగిలితే ప్రమాదం. డిమ్మర్ వాడితే జాగ్రత్త. చవక డిమ్మర్లు వెలుగును తగ్గించవు, వేగంగా ఆర్పి వెలిగిస్తూ తగ్గినట్టు చూపిస్తాయి. మన కంటికి తెలియదు, కెమెరాలో చారలు పడతాయి. వెలుగు తగ్గించాలంటే గొట్టంలో ట్రేసింగ్ కాగితం మరో చుట్టు చుట్టండి.

గొట్టం కుదరకపోతే వెదురు కర్రకు మెరుపు లేని నారింజ టేపు చుట్టి, కెమెరాకు కనిపించకుండా ఒక సహాయకుడు నారింజ జెల్ కాగితం కట్టిన చిన్న లైటును పట్టుకొని కర్రతోపాటే కదిలిస్తే సరిపోతుంది. ముందు నాలుగైదుసార్లు సాధన చేయించండి. కర్ర ఎడమకు పోతుంటే లైటు కుడికి పోతే అన్నిటికన్నా అధ్వాన్నం.

ఇక బరువు. ఖాళీ గొట్టం మరీ తేలిక, దాన్ని తిప్పే మణికట్టు బొమ్మను తిప్పినట్టు తిరుగుతుంది. కర్రసాము చేసేవాళ్లను గమనించండి, కర్ర తిరిగేటప్పుడు భుజం, నడుము, పాదం ఒకదాని వెంట ఒకటి కదులుతాయి. పిడిలో కొంచెం బరువు నింపితే నటుడి ఒళ్లు దానంతటదే అలా స్పందిస్తుంది. దీన్ని ఏ సాఫ్ట్‌వేరూ తర్వాత ఇవ్వలేదు.

చిత్రీకరణ

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న సామెత గ్రీన్ మ్యాట్ కోసమే పుట్టిందా అనిపిస్తుంది. నటుడు తెరకు ఎంత దగ్గరైతే ఒంటి మీద అంత పచ్చ పడుతుంది, ఖడ్గం వెలుగు తెర మీద అంత పడుతుంది. కనీసం రెండున్నర, మూడు మీటర్ల దూరం పెట్టండి. గుడ్డ మెరవకూడదు. ముడతలు ఇస్త్రీతో పోతాయి, మిగిలినవి నాలుగు వైపులా లాగి కట్టితే పోతాయి.

తెరకు విడిగా రెండు పక్కల నుంచి మెత్తటి వెలుగు ఇవ్వండి. వేవ్‌ఫామ్ (చిత్రంలోని వెలుగు స్థాయిలను చూపే గ్రాఫు) మీద తెర గీత 40, 50 మధ్య సన్నగా, సమంగా కనిపించాలి. మూలకూ మధ్యకూ తేడా అర స్టాప్ దాటకూడదు (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు కావడం లేదా సగమవడం). తెరను ధగధగలాడించడం వల్ల లాభం లేదు, ఆ పచ్చ తిరిగి నటుడి మీదే పడుతుంది.

రాత్రి సన్నివేశం కదా అని నటుడిని చీకట్లో నిలబెట్టవద్దు. తక్కువ వెలుగులో తీసిన నీడల్లో మచ్చలు నిండి జుట్టు అంచులు పాడవుతాయి. వెలుగు ఏ దిక్కు నుంచి రావాలో అలాగే పెట్టి, ఎక్స్‌పోజర్ మాత్రం సరిపడా ఇచ్చి, తర్వాత చీకటి చేయండి. మన షాట్‌కు కుడి వెనక నుంచి చల్లని వెన్నెల, ముందు నుంచి అతి తక్కువ సాధారణ వెలుగు, ఎడమ చెంపకు ఖడ్గం వెలుగు. ఖడ్గం వైపు చెంప, మరో చెంప కన్నా ఒకటి, ఒకటిన్నర స్టాపులు ఎక్కువుంటే చూడటానికి బాగుంటుంది.

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. 24 ఫ్రేములకు అలవాటైన 1/48 షట్టర్ బదులు 1/50 పెడితే మెయిన్స్ మీద నడిచే లైట్లు మిణుకుమనవు. కీయింగ్ తేలికవుతుందని 1/100కు వెళ్లేవాళ్లున్నారు, అంచులు నిజంగానే పదునుగా వస్తాయి. కానీ ఖడ్గం షాట్‌లో ఊపు కనిపించేదే బ్లర్‌లో. నేను 1/50 మీదే ఉంటాను.

కెమెరాలో ఫోకస్, వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ మూడింటినీ లాక్ చేయండి. షార్ప్‌నెస్ వీలైనంత తగ్గించండి, లేకపోతే మనిషి చుట్టూ సన్నని గీత ఏర్పడి కీయర్‌ను ఏడిపిస్తుంది. 10 బిట్, 4:2:2 రికార్డింగ్ ఉంటే అదే ఎంచుకోండి. 4:2:0లో రంగు సమాచారం నాలుగు పిక్సెళ్లకు ఒక్కటే ఉంటుంది, మనం అంచులు కోసేది ఆ రంగుతోనే. ఫోనుతో తీస్తే ఫ్రేము రేటు మారిపోతూ ఉంటుంది. ఎడిటింగ్‌లోకి తెచ్చే ముందే దాన్ని స్థిరమైన 24కు మార్చుకోండి, లేకపోతే వేసిన ముసుగులన్నీ మధ్యలో జారిపోతాయి.

నటుడు పక్కకు వెళ్లాక ఖాళీ తెరను 5 సెకన్లు తీయండి. లెన్సు, కెమెరా ఎత్తు, నటుడి దూరం, వెన్నెల లైటు దిక్కు కాగితం మీద రాసుకోండి. మండపం దృశ్యాన్ని కూడా మీరే తీస్తుంటే అదే ఎత్తులో, అదే లెన్సుతో తీయండి. అక్కడ ఇంకో పని కూడా చేయండి. ట్రైపాడ్ కదపకుండా, ఎక్స్‌పోజర్ మార్చకుండా రెండు ప్లేట్లు, అంటే నటుడు లేని నేపథ్య దృశ్యాలు, తీయండి. ఒకటి మామూలుది. రెండోదాంట్లో యోధుడు నిలబడే చోట నారింజ లైటు పెట్టి వెలిగించండి. ఈ రెండో ప్లేటు విలువ చివర్లో తెలుస్తుంది.

కీయింగ్

ఫ్యూజన్‌లో మీడియా ఇన్ (ఫుటేజీని తెచ్చే నోడ్) తర్వాత ముందుగా పాలిగాన్ (బిందువులతో గీసే) ముసుగుతో పనికిరాని భాగాన్ని కోసేయండి. లైటు స్టాండ్లు, తెర అంచులు, నేల మీది తీగలు. తర్వాత క్లీన్ ప్లేట్ నోడ్ పెట్టి తెర రంగు ఎంచుకోండి. అది మనిషిని తీసేసి, తెరలోని వెలుగు హెచ్చుతగ్గులను మాత్రమే మిగుల్చుతుంది. దాన్ని డెల్టా కీయర్‌లోని క్లీన్ ప్లేట్ ఇన్‌పుట్‌కు కలపండి. తెర ఎంత అసమానంగా ఉన్నా కీయర్ ఇప్పుడు ప్రతి చోటా ఆ చోటి పచ్చతోనే పోల్చుకుంటుంది.

డెల్టా కీయర్‌లో రంగును జుట్టు పక్కనుంచి తీసుకోండి, తెర మూల నుంచి కాదు. వ్యూను స్టేటస్‌కు మార్చితే ఏది పూర్తిగా పోయింది, ఏది పూర్తిగా ఉంది, ఏది మధ్యలో ఉంది అనేవి విడివిడిగా కనిపిస్తాయి. మ్యాట్ ట్యాబ్‌లో థ్రెషోల్డ్ కింది హద్దును కొద్దిగా పెంచి, పై హద్దును కొద్దిగా తగ్గించండి. ఇక్కడే చేయి ఆపుకోవాలి. ఛాతీలో కనిపించే చిన్న రంధ్రం మూసేందుకు పై హద్దును బాగా దించేస్తే రంధ్రంతోపాటు జుట్టూ మూసుకుపోతుంది, మనిషి అట్టముక్కలా తయారవుతాడు.

దానికి విరుగుడు రెండు కీలు. మొదటి కీయర్ అంచుల కోసం, మెత్తగా, జుట్టు వెంట్రుకలు దక్కేలా. రెండోది లోపలి భాగం కోసం, గట్టిగా, రంధ్రాలు లేకుండా. ఈ రెండోదాని ఆల్ఫాను నాలుగైదు పిక్సెళ్లు లోపలికి కుదించి, మొదటి కీయర్ సాలిడ్ మ్యాట్ ఇన్‌పుట్‌కు ఇవ్వండి. కంకణం రంధ్రాలు కూడా దీంతోనే పోతాయి. గొట్టం చుట్టూ తెర మీద పడిన నారింజ కాంతి కీలో సరిగా తెగకపోయినా బాధపడవద్దు. ఆ భాగం మనం గీసే ఖడ్గం కింద దాగిపోతుంది.

ఒంటి మీది పచ్చ తీయడానికి సాధారణ పద్ధతి, పచ్చ విలువ ఎరుపు నీలాల సగటును మించిన చోట దాన్ని సగటు వరకు కోసేయడం. దీని దెబ్బ పసుపు రంగు మీద పడుతుంది. నటుడి మెడలోని పసుపు చేమంతి దండ బంతిపూల దండలా మారిపోతుంది. అలాంటి చోట ఎరుపు నీలాల్లో పెద్ద విలువ వరకే కోసే పద్ధతికి మారండి, లేదా దండ మీద ముసుగు వేసి దాన్ని వదిలేయండి.

కీ అయ్యాక రంగు దిద్దేటప్పుడు కలర్ కరెక్టర్‌లో ప్రీ డివైడ్, పోస్ట్ మల్టిప్లై గడిని టిక్ చేయండి. ఇది మరిచిపోతే సగం పారదర్శకంగా ఉన్న అంచులు వేరే రంగులోకి పోయి మనిషి చుట్టూ గీత తేలుతుంది.

లీనియర్‌లోకి మారడం

వీడియోలోని విలువలు కంటికి అనువుగా వంచినవి, ఈ వంపునే గామా అంటారు. 0.5 అన్న విలువ 0.25కు రెట్టింపు వెలుగు కాదు. ఈ వంపు మీదే గ్లో కలిపితే సుద్దపొడి చల్లినట్టు వెలవెలబోతుంది. నిజమైన వెలుగు కూడికలా ప్రవర్తిస్తుంది కాబట్టి కూడిక నిజమయ్యే చోటికి, అంటే లీనియర్‌లోకి, వెళ్లాలి. కీ తర్వాత గామట్ నోడ్ పెట్టి, సోర్స్‌ను రెక్ 709 (మామూలు వీడియో రంగుల ప్రమాణం) చేసి, రిమూవ్ గామా టిక్ చేయండి. మండపం ప్లేట్లకూ అంతే. లాగ్‌లో (తర్వాత రంగు దిద్దేందుకు చప్పగా రికార్డు చేసే పద్ధతిలో) తీసినవాళ్లు కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫార్మ్ వాడాలి. అన్నీ కలిపాక చివర్లో గామాను తిరిగి చేర్చండి. బిట్ డెప్త్ 32 బిట్ ఫ్లోట్ ఉండాలి, అప్పుడే 1 దాటిన విలువలు నిలుస్తాయి.

ఖడ్గం గీయడం

బ్యాక్‌గ్రౌండ్ నోడ్‌కు పాలిగాన్ ముసుగు కలిపి, గొట్టం మీదుగా ఆరు బిందువులతో ఆకారం గీయండి. పిడి దగ్గర రెండు, మొన దగ్గర నాలుగు, మొన గుండ్రంగా వచ్చేలా. మొదటి ఫ్రేము, రెండో ఫ్రేము, మూడో ఫ్రేము అంటూ వరుసగా వెళ్లవద్దు, అలా చేస్తే ఖడ్గం వణుకుతుంది. ముందు కదలిక మొదలైన, దిశ మారిన, ఆగిన ఫ్రేములు పట్టుకోండి. తర్వాత వాటిలో పక్కపక్కన ఉన్న ప్రతి రెండింటి నడిమి ఫ్రేము. మళ్లీ ఆ సగాల నడిమి ఫ్రేములు. నిదానంగా నడిచే భాగంలో పది ఫ్రేములకు ఒక కీ (ఆ ఫ్రేములో ఆకారాన్ని గుర్తుపెట్టే కీఫ్రేము) చాలు. వేగంగా తిరిగే చోట ప్రతి ఫ్రేముకూ కీ పెట్టక తప్పదు.

కీల మధ్య బిందువులు తిన్నని గీతలో కదులుతాయి. ఖడ్గం 90 డిగ్రీలు తిరుగుతుంటే మొన నిజానికి వలయంలో పోవాలి. తిన్నని గీతలో పోతే మధ్యలో ఖడ్గం పొట్టిదైపోతుంది. పొడవు తగ్గినట్టు కనిపించిన ఫ్రేములో మొనను బయటికి లాగి కీ పెట్టండి. మొన కెమెరా వైపు తిరిగినప్పుడు మాత్రం నిజంగానే పొట్టిగా, లావుగా కనిపించాలి.

బ్లర్ విషయానికొస్తే, 24 ఫ్రేముల్లో 1/50 షట్టర్ అంటే ఒక ఫ్రేము వ్యవధిలో దాదాపు సగంసేపే కెమెరా కన్ను తెరిచి ఉంటుంది. అంటే ఖడ్గం రెండు ఫ్రేముల మధ్య ప్రయాణించే దూరంలో సగమే బ్లర్‌గా నమోదవుతుంది. పాలిగాన్ సెట్టింగ్స్‌లో మోషన్ బ్లర్ ఆన్ చేసి షట్టర్ యాంగిల్ 173 దగ్గర పెట్టండి, క్వాలిటీ పెంచండి. ఆకారం విసనకర్రలా విచ్చుకుంటుంది, పిడి దగ్గర సన్నగా, మొన దగ్గర వెడల్పుగా. ఒక ఫ్రేము విసనకర్రకూ తర్వాతి ఫ్రేము విసనకర్రకూ మధ్య అంతే ఖాళీ ఉండటం సరైన లెక్క. ఆ ఖాళీని పూడ్చాలని చూడవద్దు. మీ ఆకారం అసలు గొట్టం బ్లర్‌ను కప్పుతోందో లేదో ప్రతి ఫ్రేములో సరిచూడండి.

రంగుకు ఎరుపు 1, పచ్చ 0.35, నీలం 0.08 ఇవ్వండి. దాని తర్వాత బ్రైట్‌నెస్ కాంట్రాస్ట్ నోడ్‌లో గెయిన్ 10 చేయండి. ఇప్పుడు విలువలు 10, 3.5, 0.8. మానిటర్ 1 దాటి చూపలేదు కాబట్టి నడిమి భాగం దాదాపు తెల్లగా మండుతుంది. బయటికి పోయేకొద్దీ విలువ తగ్గి నారింజ బయటపడుతుంది. తెల్లటి గీతను విడిగా గీసి అతికించాల్సిన పనే లేదు, కెమెరాలో నిజంగా జరిగేది కూడా ఇదే. ఒక హెచ్చరిక. శుద్ధ ఎరుపు, అంటే మిగతా రెండూ సున్నా అయితే, ఎంత పెంచినా తెల్లబడదు, రంగు వేసిన కర్రలాగే ఉండిపోతుంది. ఏ రంగు తీసుకున్నా మిగతా రెండు చానళ్లలో కొంచెమైనా ఉంచండి.

అడ్డు, ఆ తర్వాతే గ్లో

పిడి మీది వేళ్లు, ఖడ్గం వెనక్కి వెళ్లినప్పుడు భుజం, తల దానికి అడ్డు వస్తాయి. వాటికి విడిగా ముసుగులు గీసి ఖడ్గం ఆకారంలోంచి తీసేయండి. ఈ పని గ్లోకు ముందే జరగాలి. ముందు గ్లో చేసి తర్వాత తల ఆకారంతో కోస్తే కాంతి తల అంచు దగ్గర కత్తెరతో కత్తిరించినట్టు ఆగిపోతుంది. గ్లో చాలావరకు లెన్సులో చెదిరే వెలుగు వల్ల పుడుతుంది, అంటే దృశ్యం ముందు ఉంటుంది. కాబట్టి ముందున్న తల అంచుల మీదికీ పొంగాలి. కనిపించే ఖడ్గం నుంచి మాత్రమే పుట్టాలి, పుట్టాక దేనికీ ఆగకూడదు. వందల షాట్లలో నేను అన్నిటికన్నా ఎక్కువగా చూసిన లోపం ఈ వరుస తారుమారు కావడమే.

గ్లోను ఒకే బ్లర్‌తో ముగించవద్దు. కోసిన ఖడ్గం నుంచి నాలుగు బ్లర్లు తీయండి, సైజు 3, 9, 27, 81. ఒక్కోటి ముందుదానికి మూడు రెట్లు. వాటి పాళ్లు 0.5, 0.3, 0.15, 0.08తో మొదలుపెట్టి కంటితో సరిదిద్దండి. దగ్గర గట్టిగా, దూరానికి చాలా పలచగా సాగే ఈ తోక వల్లే గ్లో గాలిలో ఉన్నట్టు అనిపిస్తుంది.

మెర్జ్‌లో (రెండు చిత్రాలను కలిపే నోడ్) కలిపేటప్పుడు స్క్రీన్ మోడ్ వాడమని చాలామంది చెబుతారు. వంచిన విలువల మీద అది ఫరవాలేదు. లీనియర్‌లో విలువలు 1 దాటినప్పుడు ఆ సూత్రం తలకిందులై, కాంతివంతమైన చోట నల్లమచ్చ కూడా రావచ్చు. ఇక్కడ మామూలు కూడికే సరైనది. మెర్జ్‌లో అడిటివ్, సబ్‌ట్రాక్టివ్ స్లైడరును అడిటివ్ వైపు ఉంచి ఆల్ఫా గెయిన్ సున్నా చేయండి.

ఖడ్గం బొత్తిగా స్థిరంగా వెలిగితే ప్రాణం ఉండదు. గెయిన్ మీద పెర్టర్బ్ మాడిఫయర్ (విలువను అటూ ఇటూ కదిలించే సాధనం) పెట్టి నాలుగైదు శాతం మించకుండా చలింపజేయండి. అదే చలనం తర్వాత చెంప మీది వెలుగులోనూ ఉండాలి కాబట్టి రెండింటినీ ఒకే విలువకు కట్టండి.

వెలుగు పడాలి

ఇల్లు అలకగానే పండగ కాదు. ఇంతవరకు చేసింది ఇల్లు అలకడమే.

ఎల్‌ఈడీ గొట్టంతో తీసినవాళ్లకు ముఖం మీద వెలుగు ఇప్పటికే ఉంది. మోతాదు సరిపోకపోతే కొద్దిగా పెంచితే చాలు. అది లేనివాళ్లు నటుడి మీద కలర్ కరెక్టర్ పెట్టి గెయిన్‌ను నారింజ వైపు పెంచి, ఎడమ చెంప, మెడ, చేతులకు మెత్తటి అంచుల ముసుగు వేసి, అది నటుడి కదలికను అనుసరించేలా ట్రాక్ చేయాలి. గెయిన్ అంటే హెచ్చవేత, అందువల్ల నల్ల జుట్టు నల్లగానే ఉంటుంది, చర్మం వెలుగుతుంది. రంగును పైన పూసినట్టు కలిపితే జుట్టు కూడా నారింజ అయిపోయి మోసం బయటపడుతుంది.

ఎంత పెంచాలి అన్నది దూరాన్ని బట్టి. పొడవాటి దీపం ముఖానికి దగ్గరగా ఉన్నంతసేపు వెలుగు దూరానికి విలోమంగా తగ్గుతుంది. బాగా దూరమయ్యాక దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. ఖడ్గం అరమీటరు నుంచి పావుమీటరుకు వస్తే చెంప మీద వెలుగు దాదాపు రెట్టింపు కావాలి. ఈ లెక్కతో ఖడ్గం దగ్గరకు వచ్చిన ఫ్రేముల్లో కీలు పెట్టండి. దిక్కు కూడా మారాలి. ఖడ్గం నడుము దగ్గరుంటే వెలుగు గడ్డం కింద, ముక్కుపుటాల కింద, కనుబొమల కింది గుంటల్లో పడుతుంది. ఖడ్గం తల కన్నా పైకి లేస్తే నుదురు, చెంప ఎముక, ముక్కు పైభాగం. అందుకే ఒకే ముసుగు చాలదు. కింది వెలుగుకు ఒకటి, పక్క వెలుగుకు ఒకటి, పై వెలుగుకు ఒకటి చేసి వాటి మధ్య మారండి.

తర్వాత చిన్న విషయాలు, వీటి మీద గంటలు వెచ్చించినా నష్టం లేదు. కళ్లలో సన్నని నారింజ గీత. కవచం వంపు మీద సాగిన ప్రతిబింబం. పిడి పట్టిన వేళ్ల అంచుల్లో చర్మం లోంచి కొద్దిగా పారే ఎరుపు, దీపాన్ని అరచేత్తో కప్పినప్పుడు కనిపించే ఎరుపు లాంటిది.

ఇప్పుడు మండపం. మీరు రెండో ప్లేటు తీసి ఉంటే ఇక్కడ పండగే. లీనియర్‌లో, లైటు వెలిగించిన ప్లేటులోంచి మామూలు ప్లేటును తీసేయండి. మిగిలేది నారింజ లైటు ఒక్కటే మండపానికి ఇచ్చిన వెలుగు. స్తంభాల చెక్కడాల్లోని ప్రతి గాడి నీడతో సహా. దీన్ని ఖడ్గం గెయిన్‌తో ముడిపెట్టి మామూలు ప్లేటుకు కూడండి. ఖడ్గం వెలుగు పెరిగినప్పుడు స్తంభాలు వెలుగుతాయి, తగ్గినప్పుడు చీకట్లోకి జారుకుంటాయి. నీడలు కదలవు నిజమే, కానీ ఎనిమిది సెకన్ల షాట్‌లో అది ఎవరికీ అడ్డురాదు. ఖడ్గం కుడి నుంచి ఎడమకు బాగా దూరం పోయే షాటయితే, లైటును రెండు చోట్ల పెట్టి రెండు వెలుగు ప్లేట్లు తీసి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారండి.

ఫోటోనో, కొన్న దృశ్యమో వాడుతున్నవాళ్లకు స్తంభాల ఖడ్గం వైపు ముఖాలకు ముసుగులు గీసి గెయిన్ పెంచడమే దారి. నేల తడిగా ఉంటే ఖడ్గం ఆకారాన్ని తలకిందులు చేసి, నిలువుగా ఎక్కువ బ్లర్ ఇచ్చి, నేల రంగుతో హెచ్చవేసి కలపండి.

రెండు ఖడ్గాలు తాకే షాటయితే తాకిన ఫ్రేములో మెరుపు నిండుగా, తర్వాతి ఫ్రేములో సుమారు 40 శాతం, ఆ తర్వాత 15 శాతం ఉంచి ఆపేయండి. మెరుపు ఖడ్గాల కన్నా ముఖాల మీదే ఎక్కువ కనిపించాలి.

కలిపి ఉంచే చివరి పనులు

వ్యూయర్‌లో ఆర్, జి, బి మీటలు నొక్కి ఒక్కో చానల్‌లో మనిషినీ మండపాన్నీ పోల్చండి. నల్లటి చోట్లు రెండింటిలోనూ ఒకే స్థాయిలో ఉండాలి. రంగులో కలిసినట్టు కనిపించేవి నీలి చానల్‌లో తరచుగా విడిపోతాయి. మనిషి అంచుల మీదికి మండపం కాంతిని ఒకటి రెండు పిక్సెళ్ల మేర పారనివ్వండి, రాత్రి షాట్‌లో అంతకు మించి వద్దు.

మచ్చలు తీసే సాధనాలు కీ కోసం మాత్రమే వాడి, చివరి చిత్రంలో అసలు ఫుటేజీనే ఉంచండి. గీసిన ఖడ్గం, గ్లో మచ్చలు లేకుండా నున్నగా ఉంటాయి కాబట్టి గ్రెయిన్ నోడ్‌తో ఫుటేజీకి సరిపడా గరుకు వాటికీ ఇవ్వండి. దీనివల్ల మరో లాభం ఉంది. చీకటి నేపథ్యం మీద పలచగా కరిగే గ్లో 8 బిట్ వీడియోలో మెట్లు మెట్లుగా విరుగుతుంది. ఈ గరుకు ఆ మెట్లను చెదరగొడుతుంది. మీ దగ్గర దాచుకునే ప్రతిని 10 బిట్‌లో తీసి, ఆన్‌లైన్‌లో పెట్టేదాన్ని దాని నుంచి విడిగా తయారు చేయండి.

పంపేముందు ఒక పరీక్ష పెట్టుకోండి. వ్యూయర్‌ను నటుడి ముఖం వరకే, ఖడ్గం కనిపించనంతగా జూమ్ చేసి షాట్ ఆడించండి. ఎక్కడైనా ఆపి, చెంప మీది వెలుగును మాత్రమే చూసి ఖడ్గం ఇప్పుడు ఏ వైపున, ఎంత దూరంలో ఉందో వేలితో చూపండి. జూమ్ తీసి సరిచూడండి. వేలు తప్పిన ఫ్రేముల నంబర్లు రాసుకొని, వెలుగు ముసుగుల దగ్గరికి తిరిగి వెళ్లండి.